రాయదుర్గం స్టేషన్ దిగాక

చందానగర్,
ఆషాఢం, ఆదివారం

చిరంజీవి బిడ్డకు,



నువ్వు వాట్సాప్‌లో పంపిన పాఠ్య ప్రణాళిక రెండుసార్లు చదివాను. పదో తరగతి సోషల్, ‘ప్రజలు - వలసలు’ పాఠం. ఆరు పేజీలు, అంచులు గీసి, శీర్షికలు ఎర్ర సిరాతో పెట్టి, ఎంత శ్రద్ధగా రాశావో! విద్యా ప్రమాణాలు ఆరూ వరసగా ఉన్నాయి. ఉన్ముఖీకరణ ప్రశ్నలున్నాయి, నల్లబల్ల సారాంశం ఉంది, మూల్యాంకనం ఉంది. మీ లెక్చరర్ సంతకం కూడా పడింది. నేను దిద్దవలసిన తప్పు అందులో లేదు.

ఒక్క మాట అంటాను, నొచ్చుకోకు. ఈ ప్రణాళిక పట్టుకొని ఆసిఫాబాద్‌లో పాఠం చెప్పొచ్చు, మిర్యాలగూడలో చెప్పొచ్చు. నీ బడి మాత్రం నాకు అందులో ఎక్కడా కనబడలేదు. నీకు బి.ఇడి ఇంటర్న్‌షిప్ పడింది హైటెక్ సిటీ పక్కన సర్కారు బడిలో. కిటికీలోంచి చూస్తే క్రేన్లే కనబడతాయని నువ్వే చెప్పావు. ఆ క్రేన్ కింద సిమెంటు మోసే మనిషి బిడ్డ నీ తరగతిలోనే ఎక్కడో కూర్చుని ఉంటుంది. వలస గురించి ఆ పిల్లకు తెలిసినంత నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆరు పేజీల్లో ఆ పిల్లకు మాట్లాడే చోటు ఎక్కడ పెట్టావని వెతికాను.

మొన్న బోనాలకు అందరం కలిసినప్పుడు మీ మేనమామ ‘సోషల్ ఏమున్నది, చదివి చెప్పుడే గదా’ అన్నాడు. నీ మొహం చిన్నబోవడం చూశాను. ఆయన్ని తప్పుపట్టలేం. మాదాపూర్ నుంచి నల్లగండ్ల దాకా ఏ బడి బోర్డు చూసినా ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని ఉంటుంది. లెక్కలకు రోజుకు రెండు పీరియడ్లు, మనకు మిగిలినవి. ఆ మాట విని నువ్వు ఊరుకున్నావు గానీ, లోపల నీకూ ఆ అనుమానం ఉందేమోనని భయమేసింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను బి.ఇడి చదివింది 1984లో. అప్పుడు ఏడాది కోర్సు. 2015 నుంచి కదా రెండేళ్ళయింది. ఇప్పుడు మీరు ఇరవై వారాలు బడిలో గడపాలి, మాకు అంత లేదు. టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను ఇదే దిక్కున ఒక హైస్కూలుకు పంపారు. కొత్తగూడ, కొండాపూర్ చుట్టూ అప్పుడు గుట్టలు, సీతాఫలం చెట్లు, మేకల మందలు. ఎనిమిదో తరగతికి శాతవాహనుల పాఠం. వెనక బెంచీలో పరిశీలకుడు రికార్డు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. నాకున్న ఉత్సాహం కొద్దీ పుస్తకంలో లేని ముక్క ఒకటి కలిపాను: కొండాపూర్‌లో శాతవాహనుల నాణేలు, నాణేల అచ్చులు, పూసలు, మట్టి బొమ్మలు దొరికాయి, అక్కడ టంకశాల ఉండేది అని.

ఒక పిలగాడు లేచాడు. ‘సార్, గది మా కొండాపూరేనా?’

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి వెనక కూర్చున్నాయన ముందు సిగ్గు. ‘అవును’ అన్నాను.

తరగతంతా వెలిగిపోయింది బిడ్డా. అంత వెలుగు ఆ తర్వాత ముప్పై ఏళ్ళ నౌకరీలో ఎన్నిసార్లు చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పరిశీలకుడు ‘స్థానిక ఉదాహరణ, బాగుంది’ అని రాశాడు. ఆదివారం నలుగురు పిల్లలు గడ్డపార పట్టుకొని ఊరి పక్క గుట్టకింద తవ్వారట. సోమవారం పొద్దున నా బల్ల మీద గుప్పెడు కుండ పెంకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి పెట్టారు. ‘సార్, ఇవి శాతవాహనులవేనా?’ ఏం చేయాలో తోచలేదు. చూద్దాం లెమ్మని పక్కన పెట్టి, సాయంత్రం గది ఊడ్చేటప్పుడు కిటికీలోంచి బయట పారేశాను.

ఆ వారమే లైబ్రరీలో తెలిసింది. శాతవాహనుల కొండాపూర్ మెదక్ జిల్లాలోది; 2016లో జిల్లాలు మారాక ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించిన దిబ్బ అది. అక్కడ మ్యూజియం కూడా ఉంది. పిల్లలకు తప్పు చెప్పానని తెలిసేసరికి మా ప్రాక్టీసు అయిపోయింది. అయినా బస్సెక్కి పోయి, ఆ తరగతి ముందు నిలబడి, అది మీ కొండాపూర్ కాదు, నేను తెలియక చెప్పాను అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ పిలగాడు మాత్రం ‘మరి మా పెంకులు ఎవరివి సార్?’ అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, అంటే ఆ బడికి కాస్త దూరంలోనే, ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. మన ఊళ్ళలో రాకాసి గుళ్ళు అంటారే, ఆ కాలానివి. ఆ కాలం కుండలు ఎన్నో లోపల నలుపు, బయట ఎరుపు. పిల్లలు తెచ్చిన పెంకుల రంగేమిటి? నేను చూడలేదు. తిప్పి కూడా చూడలేదు. అవి నిన్నమొన్నటి కుమ్మరి కుండవే కావచ్చు, రెండున్నర వేల ఏళ్ళ నాటివీ కావచ్చు. ప్రశ్నలు వేయడం, నల్లబల్ల మీద చక్కగా రాయడం, పాఠాన్ని ముక్కలుగా విడగొట్టడం, ఇవన్నీ నాకు నేర్పారు. పిల్లవాడు ఒక వస్తువు తెచ్చి చేతిలో పెడితే దాన్ని ఎలా చూడాలో, దాన్ని ఏమడగాలో, ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. సోషల్ టీచరు శిక్షణ అంటే అసలు అదేనని నేను అనుకుంటాను. మిగతావి ఏ సబ్జెక్టు టీచరుకైనా కావాలి.

సూక్ష్మ బోధన గురించి నువ్వు చిరాకు పడ్డావు. ఆరు నిమిషాలు తోటివాళ్ళ ముందు పాఠం చెప్పడం నాటకంలా ఉందన్నావు. 1963లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి అది. గొంతు స్థిరపడడానికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడానికి పనికొస్తుంది, వదిలేయకు. కానీ అందులో ‘ప్రశ్నించే నైపుణ్యం’ అని నేర్పేటప్పుడు ఒక సంగతి జారిపోతుంది. మనం అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు మనకు ముందే తెలుసు. పిల్లలకు అది ఇట్టే తెలిసిపోతుంది. మనకు తెలియని జవాబు కోసం పిల్లలతో కలిసి వెతకడం కూడా నేర్చుకోవలసిన పనే. దానికి ఆరు నిమిషాలు చాలవు, ఒక నేల కావాలి.

ఆ నేల నీ బడి చుట్టూ ఎంత ఉందో చూడు. నువ్వు రోజూ దిగే మెట్రో స్టేషన్ పేరు రాయదుర్గం. రెవెన్యూ రికార్డుల్లో రాయదుర్గం ఒకటి కాదు, మూడు. రాయదుర్గ్ పాయెగా, రాయదుర్గ్ పన్మక్త, రాయదుర్గ్ నవ్‌ఖల్సా. పాయెగా అంటే నిజాముకు అశ్వదళం పోషించి పెట్టిన ఉమరా కుటుంబాలు. వాళ్ళ జాగీరు కింద ఉన్న భూమి అది. మక్తా అంటే ఏటా ఇంత అని ఒక్క మొత్తం కట్టే షరతు మీద ఇచ్చిన భూమి. ఖల్సా అంటే శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు పోయే భూమి, నవ్‌ఖల్సా అంటే కొత్తగా ఖల్సాలో కలిసింది. మూడు మాటల్లో నిజాం కాలపు భూమి పద్ధతి చాలావరకు ఉంది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, పేర్లు మాత్రం పోలేదు. ఇప్పుడు పన్మక్త సర్వే నంబర్ల మీద నాలెడ్జ్ సిటీ అద్దాల మేడలున్నాయి. మీ మండలం పేరే చూడు: శేరిలింగంపల్లి. శేరి అంటే దొర గానీ సర్కారు గానీ కౌలుకివ్వకుండా సొంతంగా సాగు చేయించుకునే భూమి. గచ్చిబౌలిలో బౌలి అంటే బావి, గచ్చు కట్టిన బావి. గుట్టల బేగంపేటలో ఇప్పుడు గుట్టలు ఎన్ని మిగిలాయో పిల్లల్ని లెక్కపెట్టమను.

తరగతిలో భూస్వామ్యం, జాగీర్దారీ అని నిర్వచనాలు బట్టీ పెట్టిస్తాం. తాను రోజూ చూసే స్టేషన్ ఉన్న ఊరి రికార్డు పేర్లలోనే ఆ పద్ధతి ఉందని పిల్లవాడికి తెలిస్తే నిర్వచనం వాడే రాస్తాడు. ఒక్క జాగ్రత్త. పేర్ల కథలు చెప్పేటప్పుడు నోటి మాటను రుజువుగా చూపకు. ‘ఇలా అంటారు’ అన్నది వేరు, ‘రికార్డులో ఇలా ఉంది’ అన్నది వేరు. ఆ తేడా పిల్లలకు పట్టుబడితే చరిత్ర సగం వచ్చినట్టే. కొండాపూర్ విషయంలో నేను తప్పింది అక్కడే.

ఇప్పుడు నీ వలస పాఠం. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు పేపర్లలో ఆ మేడ బొమ్మ పెద్దగా పడింది. అలాంటి మేడలు లేపిన చేతుల్లో పాలమూరు చేతులు ఎన్నో. గుంపు మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, మొగుడూ పెళ్ళాలను కలిపి పనికి తీసుకుపోయే పద్ధతి వాళ్ళది. దేశంలో పెద్ద పెద్ద ఆనకట్టల దగ్గర కూడా ‘పాలమూరు లేబర్’ అన్న మాట ఉండేది. ఇప్పుడు ఆ పనివాళ్ళ గుడిసెల్లో ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు ఉన్నారు. అదే రోడ్డుకు అవతల పద్నాలుగో అంతస్తులో గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు, ఆయన అన్న అమెరికాలో. ఇవన్నీ వలసలే. ఆకర్షణ కారకాలు, వికర్షణ కారకాలు అని ఒక పట్టిక వేస్తాం. పట్టిక దగ్గర మొదలుపెట్టకు, పట్టిక దగ్గర ముగించు.

అయితే ఎలా అడుగుతావన్నది ముఖ్యం. ‘మీ నాన్న ఏం చేస్తాడు, ఏ ఊరు’ అని తరగతిలో లేపి అడగకు. నేను ఒకప్పుడు అడిగాను. ఒక పిల్ల తల దించుకొని ‘ఆఫీసు’ అంది. పక్క పిల్ల ‘ఆఫీసులో ఊడుస్తది వాళ్ళమ్మ’ అంది. తర్వాత నెల రోజులు ఆ పిల్ల నా పీరియడ్‌లో నోరు విప్పలేదు. విద్యా ప్రమాణాల్లో ఆరోది ‘ప్రశంస, సున్నితత్వం’. పిల్లలకు అది వచ్చిందా అని మార్కులు వేస్తాం. ఆ రోజు నాకే రాలేదు. అప్పటినుంచి చీటీలు వాడాను. పేరు రాయొద్దు, మీ ఇంటివాళ్ళు ఈ చోటికి ఏ సంవత్సరంలో వచ్చారు, ఎక్కడి నుంచి, ఎవరు ముందు వచ్చారు, ఏం వెంట తెచ్చుకున్నారు, అంతే రాయండి అంటాను. చీటీలు కలిపేసి, భారతదేశ పటం మీద దారాలు కట్టిస్తాను. మీ బడిలో కడితే పటం నిండిపోతుంది. దారాలన్నీ ఒక్క చోటికి రావడం చూసి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న నువ్వు ప్రణాళికలో రాసుకున్నది కాదు, చూడు. ‘మనం వచ్చే ముందు ఇక్కడ ఎవరున్నారు?’ అని అడుగుతారు. అప్పుడు మళ్ళీ పన్మక్త దగ్గరికి పోతావు.

‘ఏం వెంట తెచ్చుకున్నారు’ అన్నది తీసేయకు. ఒకసారి ఒక చీటీలో ‘విసుర్రాయి’ అని ఉంది.

ఇంకొకటి తప్పకుండా ఎదురవుతుంది. కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న ఆ నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడి విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. పిల్లలు అడుగుతారు: ‘టీచర్, ఎవరు కరెక్ట్?’ హెడ్‌మాస్టరు ఆ టాపిక్ వద్దంటారేమోనని నీకు భయం ఉంటుంది. దాటేయకు, నీ అభిప్రాయమూ ముందు పెట్టకు. మొదట ‘కంచ’ అంటే ఏమిటో అడుగు. పశువులు మేయడానికి వదిలిన బీడు అని ఏదో ఒక ఇంట్లో ముసలమ్మకు తెలిసే ఉంటుంది. తర్వాత భూమి తనదని ప్రభుత్వం చెప్పిన వాదన, విద్యార్థులు చెప్పిన వాదన, కోర్టు ఉత్తర్వు, మూడూ చదివించు. అదే దిక్కున కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లకు పైన పలికిందని చెప్పు. ఆ ధరలో కంచలో తిరిగే జింక విలువ ఎక్కడ కలిసిందో లెక్క కట్టమను. వాళ్ళు ఏ వైపైనా తేలవచ్చు. ఆధారం చూపి తేలితే చాలు. ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం’ అని ప్రణాళికలో నాలుగో ప్రమాణంగా రాశావే, అది ఇదే.

ఆ ఆరు ప్రమాణాల మీద నాకు గౌరవం ఉంది. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన సాంఘిక శాస్త్రం పుస్తకాలు మన పిల్లలకు దొరికిన మంచి వాటిలోవి. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ వాళ్ళు 1980ల నుంచి పల్లె బడుల్లో పిల్లలతో కూర్చొని సాంఘిక శాస్త్రం పుస్తకాలు తయారుచేశారు; అందులోని కొందరు మన పుస్తకాల పనిలోనూ ఉన్నారు. ఒక్క ఊరి కథతో ఆర్థిక శాస్త్రం చెప్పడం, పటాన్ని చదివించడం, మధ్యలో ఆగి ‘నీ ప్రాంతంలో ఎలా ఉంది’ అని అడగడం ఈ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకం ఆ ప్రశ్న అడిగి ఖాళీ వదిలిన చోట టీచరు నిలబడాలి. చాలామందిమి ఆ ఖాళీని గైడు చూసి నింపించాం. దానికి టీచర్లను మాత్రమే తప్పుపట్టను. టెట్ రెండో పేపరులో సోషల్‌కు అరవై మార్కులు, అరవై బిట్లు. బిట్లు చదివి ఉద్యోగం తెచ్చుకున్న మనిషిని మర్నాడు ‘ఖాళీలో నిలబడు’ అంటే ఎలా? అందుకే బి.ఇడిలో ఈ రెండేళ్ళూ నీకు ముఖ్యం. ఉద్యోగం వచ్చాక నేర్చుకునే తీరిక దొరకదు.

వృత్త్యంతర శిక్షణలో కొన్నేళ్ళు నేను రిసోర్స్ పర్సన్‌గా తిరిగాను. రాష్ట్ర స్థాయిలో ఐదు రోజులు చెప్పింది జిల్లాకు మూడు రోజులయ్యేది, మండలానికి ఒకటిన్నర. మజ్జిగలో నీళ్ళు పోసుకుంటూ పోయినట్టు. చివర కూర్చున్న టీచరు గ్లాసులో నీళ్ళే. నేనూ పోసినవాణ్ణే. నాకు నిజంగా పనికొచ్చిన శిక్షణ వేరు. పక్క బడి సోషల్ సారూ నేనూ ఒకరి పాఠం ఒకరం చూసుకునేవాళ్ళం. జపాన్‌లో టీచర్లు తరతరాలుగా చేస్తున్నది అదే: నలుగురు కలిసి ఒక పాఠం తయారుచేసుకుంటారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు టీచర్ని కాదు, పిల్లల్ని చూస్తారు. ఏ పిల్ల ఏ మాట దగ్గర ఆగిపోయింది, ఎవరు కిటికీ వైపు తిరిగారు, అది రాసుకుంటారు. మన స్కూల్ కాంప్లెక్సు సమావేశాలు ఉన్నవి అందుకే. కొఠారీ కమిషన్ 1960ల్లోనే ఆ మాట చెప్పింది. నువ్వు సమావేశాల దాకా ఆగకు. నీతో పాటు ఆ బడిలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయిని వెనక కూర్చోబెట్టు. నీకు మార్కులు వేయొద్దని చెప్పు. మూడో వరసలో పిల్లలేం చేశారో మాత్రం రాయమను.

భాష గురించి కూడా. సర్కారు బడిలో 2022 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. నీ తరగతిలో కొందరికి ఇంట్లో ఒడియా, కొందరికి లంబాడీ, కొందరికి ఉర్దూ. ‘సార్వభౌమాధికారం’ అన్నా ‘సావరెంటీ’ అన్నా వాళ్ళకు ఒకటే దూరం. మనకు మాటే పనిముట్టు కాబట్టి ఒక మాటకు ఒక పీరియడ్ పోయినా పోనీ. గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడా నీలాంటి పిల్లలే బి.ఇడి చదువుతున్నారు. ఉర్దూ మీడియంలో సోషల్ చెప్పబోయే ఒక్కరితో స్నేహం చేసుకో. పాయెగా, మక్తా, ఖల్సా వాళ్ళకు ఇంటి మాటలు. నువ్వు డిక్షనరీలో వెతికేది వాళ్ళ నాయనమ్మ చెబుతుంది.

వచ్చే శనివారం నీకు సెలవేనని మీ అమ్మ చెప్పింది. పొద్దుగాల ఏడింటికి రాయదుర్గం స్టేషన్ కింద ఉంటాను. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన వస్తానన్నాడు, ఆయనకు సర్వే రాళ్ళు గుర్తుపట్టడం వచ్చు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటం నా దగ్గరుంది, మడతల దగ్గర చిరిగింది గానీ చెరువులు, గుట్టలు అన్నీ కనబడతాయి. దుర్గం చెరువు దాకా నడుద్దాం. దారిలో పటం మీదున్నవి ఎన్ని ఉన్నాయో, ఎన్ని లేవో నువ్వు రాసుకో. టోపీ తెచ్చుకో, నీళ్ళ సీసా తెచ్చుకో. ఆ పాఠ్య ప్రణాళిక కూడా తీసుకురా, చెరువు గట్టున కూర్చొని మూడో పేజీ మళ్ళీ రాద్దాం.

నీ పెద్దబాపు